గ్లాసు మీద చెంచా

సిద్దిరాములు ఇరాక్ నుంచి వచ్చి ఆరు నెలలు కావస్తోంది. ఎల్లారెడ్డిలో ఎదురుపడ్డవాళ్ళంతా అతన్ని అడిగేది ఒక్కటే మాట, "మళ్ల ఎప్పుడు పోతున్నవ్?" పరదేశం పోయొచ్చిన మనిషిని బాగున్నావా అని ఎవరూ అడగరు, ఎప్పుడు పోతావనే అడుగుతారు. ఊరికి అదొక మర్యాద. సిద్దిరాములు నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వుకు పోతాననా, పోననా అర్థం అన్నది కట్టుకున్న గంగామణికి కూడా తెలియదు. అడుగుదామంటే భయం. అడిగితే ఎక్కడ పోతానంటాడోనని భయం.

పదహారేళ్ళు అతను ఎర్బిల్‌లో ఉన్నాడు. ఇరాక్‌లో అది కుర్దుల పట్నం. పెద్ద పెద్ద బంగళాల్లో గులాబీ చెట్లకు నీళ్ళు పట్టడం, కొమ్మలు కత్తిరించడం అతని పని. రెండేళ్ళకో మూడేళ్ళకో నెలన్నర సెలవు మీద వచ్చేవాడు. ఆ నెలన్నరా చుట్టాలకూ, పెళ్ళిళ్ళకూ, దావత్‌లకూ సరిపోయేది. మొగుడూ పెళ్ళాం తీరిగ్గా కూచుందామనుకునే వేళకు మళ్ళీ సూట్‌కేసు సర్దాల్సి వచ్చేది. ఒక్కగానొక్క కూతురు సంజన ఇప్పుడు హైదరాబాద్‌లో నర్సు. ఇంట్లో మిగిలింది ఇద్దరు మనుషులు, ఆ ఇద్దరి బదులూ మాట్లాడే ఒక టీవీ.

గంగామణి నోరులేని మనిషేం కాదు. బోరు మోటరు కాలిపోతే దగ్గరుండి బాగు చేయించింది. గెట్టు జరిపిన పక్క పొలం వాడిని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. ఫోన్‌లో మొగుణ్ణి కూడా గట్టిగా నాలుగు మాటలు అనగలిగేది. ఆ మొగుడే వచ్చి ఎదురుగా మంచం మీద కూచుంటే మాత్రం ఆమెకు ఏం మాట్లాడాలో తోచేది కాదు. ఇంటికి పెద్ద మనిషి ఎవరో చూడవచ్చినట్టు చీర కొంగు సర్దుకునేది.

అన్నిటికంటే తంటా చాయ్ దగ్గర వచ్చింది.

వస్తూ వస్తూ సిద్దిరాములు ఒక డబ్బా నిండా గ్లాసులు తెచ్చాడు. గుప్పిట్లో దాగిపోయేంత గ్లాసులు, సన్నటి నడుము, ఒక్కో దానికీ ఒక సాసరు, ఒక బుల్లి చెంచా. చూడగానే గంగామణికి ఆడపిల్లల బొమ్మరింటి సామాను గుర్తొచ్చింది. ఇందులో ఎవరు తాగుతారు అనుకుంది గానీ, ముచ్చటపడి తెచ్చుకున్నాడు కదా అని రోజూ పొద్దున అందులోనే పోసి ఇచ్చేది. అతను చెంచాతో చక్కెర కలుపుకుని, మూడు గుక్కల్లో తాగేసి, చెంచా గ్లాసులోనే వదిలి, ఆ ఖాళీ గ్లాసు వంక చూస్తూ కూచునేవాడు. గంగామణిది శుభ్రం ఎక్కువ. తాగిన గ్లాసు ఈగలు ముసురుతూ మనిషి ముందు ఉండడం ఆమెకు గిట్టదు. వెంటనే తీసుకుపోయి కడిగి బోర్లించేది. అతను కాసేపు ఊరికే కూచుని, లేచి, అంగీ తొడుక్కుని, బస్టాండు దగ్గర మైసన్న హోటల్‌కు పోయి అక్కడ చాయ్ తాగేవాడు.

ఎల్లారెడ్డి ఎంత ఊరని! పక్కింటి భూమక్క గోడ మీదుగా అడగనే అడిగింది. "ఏమే గంగామణీ, ఇంట్ల చాయ్ పెడ్తలేవా ఏంది? నీ మొగడు పొద్దుగాల్నే మైసన్న హోటల్ల కూసుంటుండు."

గంగామణికి తల కొట్టేసినట్టయింది. చాయ్‌పత్తా మార్చింది. అల్లం వేసి చూసింది, ఇలాయిచీ దంచి వేసింది. పాలు పోసే ఆమెను మాన్పించి వేరే ఇంటి నుంచి చిక్కటి పాలు తెప్పించింది. ఏం చేసినా అతను తాగేది మూడు గుక్కలే, తర్వాత దారి పట్టేది బస్టాండుకే. పదహారేళ్ళు అక్కడ ఎవరి చేతి చాయ్‌కి అలవాటు పడ్డాడో అన్న ఆలోచన ఒకరోజు గిన్నెలు తోముతుంటే వచ్చింది. వచ్చిన ఆలోచన మరి పోలేదు. రాత్రిళ్ళు అతను అటు తిరిగి పడుకుంటే ఆమె ఇటు తిరిగి దాన్నే నమిలేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం సిద్దిరాములు అన్నాడు. "రేపు కామారెడ్డికి పోవాలె. నువ్వు సుత రా. భీమేష్ ఆడ హోటల్ పెట్టిండు. వదినను తోల్కరాకపోతే మాట్లాడనంటుండు."

భీమేష్‌ది రామారెడ్డి. ఎర్బిల్‌లో ఒక కుర్దుల హోటల్లో వంటపని చేసి, నిరుడు తిరిగొచ్చేశాడు. గంగామణి అతని పేరు వినడమే గానీ చూసింది లేదు. మొగుడు తనంతట తాను రమ్మని అడగడం ఇదే మొదటిసారి. ఆ రాత్రి ఆమె సంజన కొనిపెట్టిన ఆకుపచ్చ చీర తీసి, తలగడ కింద పెట్టి మడతలు సరిచేసింది. ఏదో పెళ్ళికి పోతున్నట్టు సంబరం, ఆ సంబరానికి మళ్ళీ తనకే సిగ్గు.

బస్సు లింగంపేట దాటేదాకా అతను కిటికీలోంచి నాట్లు వేస్తున్న మళ్ళు చూస్తూ కూచున్నాడు. ఆమె అతని చెవి వెనక తెల్లబడ్డ వెంట్రుకలు చూస్తూ కూచుంది. కామారెడ్డిలో దిగాక ఆమెను ఒక బట్టల దుకాణం ముందు నిలబెట్టి, చిన్న పని ఉంది ఇప్పుడే వస్తానని పోయాడు. ఏం పని అని అడిగితే, "చిన్న పనే" అన్నాడు తిరిగొచ్చి.

సిరిసిల్ల రోడ్డులో ఒక మేడ కింద ఉంది హోటల్. బోర్డు మీద మంచుకొండలు, వాటి మీద సూర్యుడు, కింద 'హౌలేర్ హోటల్' అని తెలుగులో. ఎర్బిల్‌ను కుర్దులు హౌలేర్ అంటారట. ఇక్కడివాళ్ళకు నోరు తిరగక ఇరాక్ హోటల్ అనేస్తున్నారు. వీళ్ళను అద్దంలోంచి చూసి భీమేష్ గరిటె చేతిలో పట్టుకునే బయటికి ఉరికొచ్చాడు. గుండె మీద చెయ్యి వేసుకుని వంగాడు. సిద్దిరాములు కూడా గుండె మీద చెయ్యి వేసుకుని వంగాడు. తర్వాత ఇద్దరూ నడిరోడ్డు మీద ఒకరి చెంపకు ఒకరు చెంప ఆనించి ముద్దులు పెట్టుకున్నారు. మీసాలున్న మగవాళ్ళు చేసే పనేనా ఇది అని గంగామణి అటుగా పోతున్న లారీ వైపు తిరిగింది.

"వదినా, లోపలికి రాండ్రి. ఇది మీ ఇల్లే" అన్నాడు భీమేష్. ఇంకేదో కుర్దు మాట సిద్దిరాములుతో అన్నాడు. దానికి సిద్దిరాములు ఇంకో మాట అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వు విని గంగామణి ఉలిక్కిపడింది. తల వెనక్కి వేసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు ఆమె మొగుడు. పై పన్ను ఒకటి ఊడిపోయిందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎప్పుడు ఊడిందో, ఎవరు పీకారో, నొప్పి పెట్టిందో లేదో. కూచున్నాక కూడా వాళ్ళిద్దరూ ఆ భాషలోనే మాట్లాడుకున్నారు. చేతులు ఊపుతూ ఏవో వీధులు, ఎవరెవరో మనుషులు. తన ఎదురుగా కూచున్న మనిషికి ఇంత మాట వచ్చునని ఆమె ఎరగదు. తోడు కోసం వేరేవాళ్ళ పెళ్ళికి వచ్చి, పందిట్లో ఎవరూ పలకరించక కూచున్న మనిషిలాగా అయిపోయింది ఆమె పరిస్థితి.

ఏమీ చెప్పకముందే బల్ల నిండిపోయింది. పప్పుచారు లాంటి పచ్చటి సూపు, దానికో నిమ్మచెక్క. ఉప్పునీళ్ళలో ఊరేసిన ముల్లంగి, క్యారెట్ ముక్కలు. చిన్న చిన్న గిన్నెల్లో పెరుగు, కీరదోస, ఉల్లిపాయలు. పొయ్యి మీద నుంచి అప్పుడే దిగిన పొడవాటి రొట్టెలు. గంగామణి బిత్తరపోయి భీమేష్‌ను పిలిచింది.

"తమ్మీ, మేమింక ఏం జెప్పలే. గివి వేరే ఎవలయో ఉన్నట్టున్నయ్."

భీమేష్ నవ్వాడు. "మీయే వదినా. గివి అడిగితే ఒచ్చేటియి కావు, కూసుంటే ఒచ్చేటియి. అసలు తిండి ఎనక ఒస్తది."

అసలు తిండి అంటే తెల్ల చిక్కుడుగింజల కూర, పొడిపొడిగా అన్నం, ఇంకా ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి ఉడికించిన పొట్లాలు. కామారెడ్డిలో ద్రాక్షాకులు ఎక్కడ దొరుకుతాయి, క్యాబేజీ ఆకుల్లో చుట్టాడు. పుల్లపుల్లగా బాగున్నాయి. గంగామణికి మెతుకు వదిలే అలవాటు లేదు. పళ్ళెం తుడిచినట్టు తినేసింది. ఆమె చెయ్యి తీసేలోపు భీమేష్ ఇంకో గరిటె అన్నం, ఇంకో గరిటె కూర వేసిపోయాడు. పడేస్తే పాపమని ఆయాసపడుతూ అదీ తిన్నది. అతను మళ్ళీ వేశాడు. ఆమె ముఖం చూసి సిద్దిరాములు నవ్వాడు. ఈసారి తెలుగులోనే.

"జరంత మిగిలియ్యవే. పళ్ళెం ఖాళీ అయితే వాడు ఆగడు. ఆడ పద్ధతి గట్లనే ఉంటది."

"ముందుగాల జెప్పొద్దా? కడుపు పలుగుతుంది ఈడ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎన్నాళ్ళకో ఒక్క మాటకు ఇద్దరూ కలిసి నవ్వారు. గంగామణికి ఒళ్ళంతా తేలికైంది. ఉంటావా పోతావా అని పోతూ దారిలో అడిగేస్తాను, ఏమైనా సరే, ఇంకెందుకు భయం అనుకుంది. సరిగ్గా అప్పుడే భీమేష్ రొట్టెల పళ్ళెం పెడుతూ అడిగాడు.

"అన్నా, పాస్‌పోర్ట్ ఇచ్చొచ్చినవా? టికెట్ ఎప్పటికి అన్నరు?"

సిద్దిరాములు నవ్వు ఆగిపోయింది. గంగామణి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చిన్న పని అంటే ఇదన్నమాట. బట్టల దుకాణం ముందు తనను నిలబెట్టి పోయి చేసుకొచ్చిన చిన్న పని.

"వచ్చే నెల" అన్నాడు సిద్దిరాములు పళ్ళెంలోకి చూస్తూ. అతని అదృష్టం, అప్పుడే ఫోన్ మోగింది. ఎర్బిల్ నుంచి, భీమేష్ పని చేసిన హోటల్ యజమాని ఆజాద్ కాక. సిగ్నల్ సరిగ్గా లేదని ఫోన్ పట్టుకుని బయటికి పోయాడు.

భీమేష్‌కు తను నోరు జారానని తెలిసిపోయింది. ఏం చెయ్యాలో తోచక చాయ్ తెచ్చి పోశాడు. అవే నడుము సన్నటి గ్లాసులు, అవే బుల్లి చెంచాలు. గంగామణి తాగింది. అతను మళ్ళీ పోశాడు. ఆమె మళ్ళీ తాగింది. ఏం తాగుతోందో ఎంత తాగుతోందో ఆమెకు పట్టలేదు. అద్దంలోంచి బయట మొగుడి వీపు కనబడుతోంది. గ్లాసు ఖాళీ అయితే చాలు, భీమేష్ కెటిల్ వంచుతున్నాడు.

"వదినా," అన్నాడు చివరికి అతనే, "సాలనిపిస్తే చెంచ తీసి గ్లాసు మీద అడ్డం పెట్టుండ్రి. లేకపోతే నేను పోస్తనే ఉంట."

"ఏంది?"

"ఆడ గంతే. చెంచ గ్లాసుల ఉంటే ఇంక కావాలె అన్నట్టు. మీద అడ్డం పెడితే సాలన్నట్టు. నోరిడిసి అడుగుడు ఉండది."

గంగామణి గ్లాసులో ఉన్న చెంచా వంక చూసింది. "మరి తమ్మీ, చెంచ గ్లాసులనే ఉండంగ, పోసినోళ్ళు గ్లాసు తీస్కపోతే?"

భీమేష్ నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, గట్ల చెయ్యనే చెయ్యరు. ఇగ లేచి పో అన్నట్టయితది. శత్రువును సుత గట్ల లేపరు."

భీమేష్ ఆమెను ఓదారుద్దామనుకున్నాడో ఏమో, కుర్చీ లాక్కుని కూచుని చెప్పుకొచ్చాడు. "అన్న ప్రతి శుక్రవారం ఆడ మా హోటల్‌కే ఒచ్చేటోడు వదినా. సెలవు గదా. మూలకు ఒక్కడు కూసునే బల్ల ఒకటి ఉంటది, గది అన్నదే. తినుడు అయినంక చాయ్ పోస్తే, చెంచ మీద పెట్టేటోడే కాదు. పొద్దుమూకేదాంక గట్లనే కూసునేటోడు. మొదట్ల నాకు కోపమొచ్చేది. గప్పుడు ఆజాద్ కాక నాకు జెప్పిండు, ఆయనకు పోసుకుంటనే ఉండు, ఆయన తాగేది చాయ్ కాదు, ఈడ కూసునేందుకు ఒక బహానా అని."

"ఒక్కడేనా? ఎవలు ఉండకపోదురా తోడు?" ఇన్నాళ్ళూ నమిలిన మాట అది. అడిగేసింది.

"ఎవలుంటరు వదినా. మాట్లాడకపోయేటోడు సుత. అంగీ జేబుల మీ ఫొటో ఉండేది, గంతే."

అక్కడ ఇంకొకతె ఉందని తెలిసినా గంగామణి ఇంతగా కుంగిపోయేది కాదేమో. తిట్టడానికి ఒక మనిషి దొరికేది. ఎవరూ లేరు. అక్కడా ఎవరూ లేరు, ఇక్కడా ఎవరూ లేరు. ఆరు నెలలుగా రోజూ పొద్దున తన ఇంట్లో, తన మంచం మీద కూచుని, ఇంకొంచెం పొయ్యమని నోరు తెరవకుండా అడిగాడు. తను రోజూ గ్లాసు లాక్కుపోయి లేచి పొమ్మంది. అతను లేచి పోయాడు. మొదట మైసన్న హోటల్‌కు, ఇప్పుడు ఏకంగా ఇరాక్‌కు.

తిరుగు బస్సులో లింగంపేట వచ్చేదాకా ఓపిక పట్టి, ఇక పట్టలేక అనేసింది. "నేను గ్లాసు తీసింది నిన్ను లేచి పొమ్మని కాదు. ఈగలు వాల్తయని."

సిద్దిరాములు ఆమె వైపు తిరిగాడు. "ఎరికే" అన్నాడు. "ఈడ గట్ల ఉండదని నాకెరిక లేదా? తలకాయకు ఎరికే. పానానికి ఎరిక లేదు. నువ్వు గ్లాసు తీస్తే కాళ్ళు వాటంతటియే లేస్తుండె."

"మరి పాస్‌పోర్ట్ ఎందుకిచ్చినవ్?"

"కాక రమ్మన్నడు. కొత్త తోట పెట్టిండట, చూసేటోళ్ళు లేరట." కిటికీ వైపు తిరిగి, వినీ వినబడకుండా అన్నాడు. "ఈడ నేను ఎవలకు అక్కెరున్న, జెప్పు?"

నాకు. రెండక్షరాలు. పొలం గెట్టు దగ్గర అంత నోరు చేసిన గంగామణి, ఆ రెండక్షరాలు అనలేక కొంగు వేలికి చుట్టుకుంది. కట్టుకున్నవాడితో అలాంటి మాట ఎన్నడు అన్నది కనుక! అంటే ఏమనుకుంటాడో, బస్సులో ఎవరు వింటారో. పాపన్నపల్లె అంటూ కండక్టర్ అరిచాడు, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. అనవలసిన వేళ దాటిపోయింది.

మర్నాడు పొద్దున అతను గ్లాసు ఖాళీ చేసి చెంచా లోపలే వదిలాడు. గంగామణి కెటిల్ తెచ్చి మళ్ళీ పోసింది. అతను గ్లాసు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, తాగాడు. ఆమె మళ్ళీ పోసింది. ఆ రోజు అతను అంగీ తొడుక్కోలేదు. వాకిట్లో వాన పడుతుంటే ఎర్బిల్‌లో మంచు ఎలా పడుతుందో చెప్పాడు. ఊడిన పన్ను సంగతి చెప్పాడు. ఆమె మోటరు కాలిపోయిన సంగతి, సంజనకు జ్వరమొస్తే ఒక్కతే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయిన సంగతి చెప్పింది. పదహారేళ్ళ కాపురం ఆ కొన్ని పొద్దుల్లో చేసుకున్నారు. అన్న కనబడుతలేడేంది అని మైసన్న భూమక్కను అడిగాడట.

రోజూ ఆ మాట గంగామణి నాలుక చివరిదాకా వచ్చేది. ఇయ్యాల కాదు, రేపు అంటాను అనుకునేది. అతను కూడా ఏదో వినాలన్నట్టు ఆమె ముఖంలోకి చూసేవాడు. చూసి చూసి గ్లాసు ఎత్తుకునేవాడు. అలా ఒక పూట వీసా వచ్చింది, ఇంకో పూట టికెట్ వచ్చింది.

పోయే రోజు పొద్దున కారు ముందే వచ్చి వాకిట్లో నిలబడింది. సంజన నేరుగా శంషాబాద్‌కు వస్తానంది. సిద్దిరాములు కొత్త అంగీ తొడుక్కుని మంచం మీద కూచున్నాడు. గంగామణి చాయ్ పోసింది. తాగాడు. చెంచా గ్లాసులోనే ఉంది. పోసింది. తాగాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. చెంచా గ్లాసులోనే ఉంది. ఆమె మళ్ళీ పోసింది. పోస్తున్నంతసేపూ పోడన్న పిచ్చి ఆశ ఏదో ఆమెను పట్టుకుంది. కెటిల్ వంచితే ఈసారి చుక్క మాత్రమే రాలింది.

"ఒక్క నిమిషం. పెట్టుకొస్త. కూసో, లేవకు" అని వంటింట్లోకి ఉరికింది. నీళ్ళు పెట్టింది. పత్తా వేసింది. మంట పెద్దది చేసింది. ఈసారి చాయ్‌తో పాటు ఆ మాట కూడా అనేస్తానని నిశ్చయించుకుంది. నాకు అక్కెరున్నవ్ అని పొయ్యి ముందు నిలబడి రెండుసార్లు మెల్లగా అనుకుని చూసుకుంది. నోరు తిరిగింది.

కెటిల్ పట్టుకుని వచ్చేసరికి సిద్దిరాములు గడపలో వంగి బూట్లు కట్టుకుంటున్నాడు. మంచం పక్కన స్టూలు మీద గ్లాసు ఉంది. చెంచా గ్లాసు మీద అడ్డంగా ఉంది.

"పైలం" అన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, ఇంటికొచ్చిన పెద్దలకు వంగినట్టు ఆమెకు వంగాడు. ఆమె కెటిల్ పట్టుకుని అలాగే నిలబడింది. కారు సందు మలుపు తిరిగింది. భూమక్క గోడ మీదుగా తొంగి చూసి, "మళ్ల ఎప్పుడొస్తడంట?" అని అడిగింది.

గంగామణి లోపలికొచ్చి మంచం మీద అతను కూచున్న చోటే కూచుంది. గ్లాసు అంచున ఒక ఈగ వాలింది. తోలలేదు. చాలాసేపయ్యాక చెయ్యి చాచి, గ్లాసు మీది చెంచా తీసి లోపల వేసింది. కెటిల్‌లో చాయ్ ఇంకా వేడిగానే ఉంది. గ్లాసు నిండా పోసి, "నాకు" అంది.